రాయి మీద పేరుంది సరే, ఆ మనిషెవరు? మన ఊరి సైనికుల వివరాలు వెతకడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు (శ్రీకాకుళం, విజయనగరం)

మా ఊళ్ళో స్తూపం మీద నాలుగు పేర్లున్నాయి. వాళ్ళ గురించి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

రాయి దగ్గరే మొదలెట్టండి, ఫోన్‌లో కాదు. అందరూ చేసే పొరపాటు ఇదే, పేరు చూడగానే గూగుల్‌లో కొట్టేస్తారు, ఏమీ రాదు, అక్కడితో వదిలేస్తారు. పొద్దున్న ఏడు గంటల ఎండ పక్క నుంచి పడుతుంటే ఫొటో తియ్యండి, అక్షరాల గాడిలో నీడ పడి అరిగిపోయినవి కూడా కనిపిస్తాయి. మధ్యాహ్నం తీస్తే తెల్లటి రాయి తప్ప ఏం కనపడదు.

ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, తప్పుంటే తప్పుతో సహా. ఎందుకంటే చాలా చోట్ల ప్రతి ఆగస్టు 15కి సున్నం వేసి పేర్ల మీద మళ్ళీ నల్ల రంగు దిద్దుతారు, ఆ దిద్దే పెయింటరు ఓ ఏడాది 'సి'ని 'స' చేసేస్తాడు, మరుసటేడు ఇంకోడు దాన్నే చూసి దిద్దుతాడు, ఇరవై ఏళ్ళకి సింహాచలం కాస్తా సంహాచలం అయిపోతాడు. పాత ఫొటో ఏదైనా ఉందేమో పంచాయతీలోనో బళ్ళోనో అడగండి, స్తూపం ఓపెనింగ్ రోజు ఫొటో దొరికిందంటే అదృష్టమే. పేర్ల వరస కూడా రాసుకోండి, చనిపోయిన తేదీ ప్రకారం ఉందా, హోదా ప్రకారం ఉందా, చందా ఇచ్చిన లెక్కన ఉందా (నవ్వకండి, ఉంటాయి) అన్నది తర్వాత పనికొస్తుంది.

యుద్ధ స్మారకం ఎక్కడుంది అని అడిగితే ఊళ్ళో వాళ్ళు వేరే దేనికో తీసుకెళ్తున్నారు?

మన దగ్గర ఇది మామూలే. బొబ్బిలి వైపు యుద్ధ స్తంభం అంటే 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధమే, ఇంకోటి ఎవరికీ తట్టదు. పద్మనాభం వైపు వెళ్తే 1794లో కంపెనీ వాళ్ళ మీద పోరాడి చనిపోయిన విజయనగరం రాజావారి సంగతి చెప్తారు. ఉద్దానం వైపు అమరవీరుల స్తూపం అని అడిగారంటే శ్రీకాకుళం నక్సలైట్ ఉద్యమంలో పోయినవాళ్ళ స్తూపం చూపిస్తారు, అది వేరే చరిత్ర, దాన్నీ దీన్నీ కలపకండి. "మిలట్రీలో పోయినోళ్ళ పేర్లున్న రాయి" అని అడగండి, సరిగ్గా తీసుకెళ్తారు.

మా ఊరి పాత రాయి మీద పేర్లే లేవు, ఇంతమంది వెళ్ళారు ఇంతమంది పోయారు అని అంకెలే ఉన్నాయి. ఏం చెయ్యాలి?

అది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిషోళ్ళు పెట్టించిన పలక. ఈ ఊరి నుంచి ఇంతమంది 1914-1919 మహాయుద్ధానికి వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో ఒకటే మూసలో దేశంలో చాలా ఊళ్ళలో పెట్టారు. పేర్లు చెక్కే ఓపిక వాళ్ళకి లేదు. ఇరాక్‌లో బస్రా స్మారకం మీద కూడా అంతే, మన ఆఫీసర్ల పేర్లు చెక్కి మామూలు సిపాయిలని రెజిమెంట్‌కి ఇంతమంది అని అంకెల్లో తేల్చేశారు. ఇలా సరిగ్గా గుర్తించకుండా వదిలేసినవాళ్ళు లక్షల్లో ఉండొచ్చని కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన బ్రిటిష్, కామన్‌వెల్త్ సైనికుల సమాధులూ స్మారకాలూ చూసే సంస్థ) తనే 2021లో రిపోర్టు ఇచ్చి క్షమాపణ చెప్పింది.

అంకె ఒక్కటే ఉన్నా అది చిన్న విషయం కాదు. పలక మీద ముగ్గురు పోయారని ఉంటే మీరు వెతకాల్సింది ముగ్గురిని, మీకు ఇద్దరు దొరికితే ఇంకొకరున్నారని తెలుస్తుంది. ఊరి పేరుతో ఎలా వెతకాలో కింద రాశాను.

పేరు కొడితే ఒకే పేరుతో పదుల మంది వస్తున్నారు. మా వాడెవడో ఎలా తెలుస్తుంది?

పేరుతో వెతికితే మనవాడు దొరకడు. నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్కే, కావాలంటే మిగతాది చదవక్కర్లేదు. మన వైపు సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లుందా, అప్పన్న, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, సింహాచలం, అది కాకపోతే పైడితల్లమ్మ పేరున పైడిరాజు, పైడయ్య, అసిరితల్లి పేరున అసిరయ్య, అసిరినాయుడు, ఇంకా సన్యాసిలూ గురువులూ. ఒక వీధిలోనే నలుగురు అప్పలస్వాములుంటారు, పటాలంలో ఎంతమందో మీరే లెక్కేసుకోండి.

దాని మీద ఇంగ్లీషు స్పెల్లింగు గోల. పేరు రాసుకున్న గుమస్తా మన భాష వాడు కాదు, చెవికి ఏం వినిపిస్తే అది రాశాడు. అప్పలస్వామి చివర వైతో ఉంటాడు, ఐతో ఉంటాడు, తమిళ పద్ధతిలో అప్పలసామి అయ్యుంటాడు, మధ్యలో 'ఎ' ఎగిరిపోయి అప్పల్‌స్వామి అయ్యుంటాడు, లేదంటే రెండు ముక్కలై స్వామి అన్నది ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది. అసలు ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, ఉన్నా ఒక్క అక్షరమే.

అందుకే సర్వీస్ నంబరు పట్టుకోండి. అది లేకపోతే తండ్రి పేరు, అదీ లేకపోతే భార్య పేరు, వీటిలో ఏదో ఒకటి ఊరి పేరుతో కలిసొస్తేనే మన మనిషి అని ఒప్పుకోండి. నేనైతే మూడు నెలలు వేరే మనిషి వెనకాల తిరిగాను. పేరు కలిసింది, ఊరి పేరు కలిసింది, బర్మాలో పోయాడన్నదీ కలిసింది, ఇంకేం కావాలి అని కాగితాలన్నీ ఫైలు చేసి వాళ్ళింటికి తీసుకెళ్ళి చదివి వినిపిస్తే ఆ ఇంటి ముసలమ్మగారు మొత్తం విని "మా అత్త పేరు అది కాదు బాబూ" అన్నారు. అంతే. ఆ పేరుతో ఊరు ఇంకోటి ఉంది, అక్కడి మనిషి ఆయన. మన రెండు జిల్లాల్లో ఒకే పేరున్న వలసలూ పేటలూ ఎన్నో ఉన్నాయి, ఊరి పేరు కలిసిందని పొంగిపోకండి.

రాయి మీద పేరుతో పాటు హోదా మాత్రమే ఉంది, రెజిమెంట్ లేదు. దాంతో ఏమైనా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది. సిపాయి అంటే పదాతి దళం అయ్యే అవకాశం ఎక్కువ (సరుకులు, బళ్ళు చూసే ఏఎస్‌సీ లాంటి వాటిలో కూడా సిపాయి అనే అంటారు). సాపర్ అంటే ఇంజనీర్లు, మన వాళ్ళకైతే ఎక్కువగా బెంగళూరు మద్రాస్ సాపర్స్, ఇప్పటి ఎంఈజీ. గన్నర్ అంటే ఫిరంగి దళం. సిగ్నల్‌మన్ అంటే సిగ్నల్స్, క్రాఫ్ట్స్‌మన్ అంటే ఈఎంఈ (బళ్ళు, యంత్రాలు బాగుచేసేవాళ్ళు), పయొనీర్ అంటే పయొనీర్ కోర్ (రోడ్లు, మోతల పని చేసే దళం), సవార్ అంటే ఒకప్పుడు గుర్రాలు తర్వాత ట్యాంకులు. నాయక్, హవల్దార్ అన్నవి చాలా చోట్ల ఉంటాయి కాబట్టి అవి పెద్దగా పనికిరావు. జమేదార్ అని ఉంటే పాత కాలం అని అర్థం, స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్ళకి దాన్ని నాయబ్ సుబేదార్ చేశారు. నంబరు ముందు జేసీ అని ఉంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు, ఐసీ అంటే ఆఫీసరు.

ఫాలోయర్ (సైన్యం వెంట వెళ్ళే పనివాడు) అనో, వంటవాడు, బిస్తీ అనో ఉంటే చిన్నచూపు చూడొద్దు. నీళ్ళు మోసినవాడూ తుపాకీ మోసినవాడి పక్కనే పోయాడు.

శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఏమీ రావట్లేదు, ఎందుకు?

అప్పటికి శ్రీకాకుళం జిల్లా అన్నదే లేదు కాబట్టి. ఇది మన వైపు వాళ్ళకి ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి, కాస్త ఓపిగ్గా చదవండి.

1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకూ శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపంతా గంజాం జిల్లా. అంటే మొదటి యుద్ధంలో పోయిన టెక్కలి మనిషి కాగితాల్లో గంజాం వాడు, చదివినవాళ్ళు ఒడిశా మనిషి అనుకుంటారు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, పాలకొండ అప్పుడు విశాఖ జిల్లా. 1936 తర్వాత అటువైపు తెలుగు తాలూకాలు కూడా విశాఖలో కలిశాయి, కాబట్టి రెండో యుద్ధంలో పోయినవాళ్ళందరూ విశాఖ జిల్లా వాళ్ళే. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది, 1979లో విజయనగరం జిల్లా వచ్చింది, మధ్యలో బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి వాళ్ళు శ్రీకాకుళం జిల్లా కింద ఉన్నారు. అందుకని 1971 యుద్ధంలో పోయిన బొబ్బిలి కుర్రాడు మిలట్రీ కాగితాల్లో శ్రీకాకుళం వాడై ఉంటాడు, విజయనగరం లిస్టులో వెతికితే లేడంటారు. 2022లో మళ్ళీ మార్చారు, రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. మీ ఊరు ఏ ఏడాదిలో ఏ జిల్లానో ఒక కాగితం మీద రాసుకుని గోడకి అంటించుకోండి, నిజంగా చెప్తున్నా.

స్పెల్లింగు కూడా అంతే. శ్రీకాకుళాన్ని అప్పట్లో చికాకోల్ అనేవారు, ఇంగ్లీషులో సి-హెచ్-ఐ-సి-ఎ-సి-ఓ-ఎల్-ఇ. విశాఖపట్నం అంటే వైజాగపటం, భీమిలి అంటే బిమ్లిపటం. విజయనగరంలో 'జయ' ఉండదు, 'జియా' ఉంటుంది, ఒక్కోసారి చివర 'గ్రామ్' అవుతుంది.

ఇంట్లో వాళ్ళని ఏం అడగాలి? ఏం కాగితాలు ఉంటాయి?

ట్రంకు పెట్టె ఉందా అని అడగండి. నల్లరంగు వేసి తెల్ల అక్షరాలతో నంబరూ పేరూ రాసిన ఇనప పెట్టె, మిలట్రీలో చేసిన ప్రతి ఇంట్లో అటక మీదో మంచం కిందో ఉంటుంది, ఇప్పుడు దాంట్లో బియ్యం పోసుకుంటుంటారు. ఆ నంబరే మీకు కావలసింది. చాలామంది పెట్టె తెరిచి కాగితాల కోసం చూస్తారు, మూత మీద చూడరు.

తర్వాత పతకాలు. వాటిని పక్కకి తిప్పి అంచు మీద చూడండి, సన్నగా నంబరు, హోదా, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి. మొదటి యుద్ధం వెండి పతకం అయితే సైనికుడు, అదే పతకం కంచుది అయితే లేబర్ కోర్‌లోనో ఫాలోయర్‌గానో వెళ్ళినట్టు. రెండో యుద్ధం స్టార్లు బ్రిటిష్ వాళ్ళకి పేరు లేకుండా ఇచ్చారు గానీ మన సైన్యం వాళ్ళకి వెనక పేరు కొట్టే ఇచ్చారు, బర్మా స్టార్ ఉందంటే ఎటు వెళ్ళాడో కూడా తెలిసిపోయినట్టే. 1965కి సమర్ సేవా స్టార్, 1971కి పూర్వీ స్టార్ అయితే బంగ్లాదేశ్ వైపు, పశ్చిమీ స్టార్ అయితే పాకిస్తాన్ వైపు. రిబ్బను రంగు వెలిసిపోయినా పారెయ్యకండి. బ్రాసో పెట్టి తళతళ మెరిపించకండి కూడా, అంచు అక్షరాలు అరిగిపోతాయి.

అరచేతి కన్నా కొంచెం పెద్దగా, దాదాపు 12 సెంటీమీటర్ల గుండ్రటి కంచు పళ్ళెం, మీద ఒక ఆడమనిషి, సింహం బొమ్మ, పక్కన మీ వాళ్ళ పేరు ఉంటే అది మొదటి యుద్ధంలో పోయినవాళ్ళ ఇంటికి పంపిన స్మారక ఫలకం. దేవుడి గూట్లో పెట్టి పసుపు కుంకుమ పెట్టే ఇళ్ళు ఉన్నాయని విన్నాను, ఉండనివ్వండి, ఫొటో మాత్రం అడిగి తీసుకోండి.

ఇంకా డిశ్చార్జి బుక్, పీపీఓ (పింఛను మంజూరు కాగితం), మనీఆర్డర్ ముక్కలు, తంతి కాగితం. ఫొటో ఉంటే వెనక్కి తిప్పండి, స్టూడియో ముద్ర ఉంటుంది, బెంగళూరో జబల్‌పూరో ఉందంటే ట్రెయినింగ్ ఎక్కడో తెలుస్తుంది. తిత్లీ తుఫానప్పుడు పలాస, మందస వైపు పైకప్పులే ఎగిరిపోయాయి, ఇళ్ళలో కాగితాలు ఏం మిగుల్తాయి, కాబట్టి ఉన్నవాళ్ళవి ఈ వారమే ఫొటోలు తీసుకోండి.

మగవాళ్ళని అడిగితే ఏ యుద్ధం, ఏ పతకం అని చెప్తారు. ఆడవాళ్ళని అడిగితే ఎవరు ఎవరికి ఏమవుతారో, ఉత్తరం ఎవరు చదివి పెట్టారో, కబురు ఏ పండగ ముందొచ్చిందో చెప్తారు. నాకు పనికొచ్చినవన్నీ రెండో రకమే. తేదీ అడక్కండి, "సిరిమానుకి ముందా తర్వాతా, వరి కోతలయ్యాయా" అని అడగండి, నెల తేలిపోతుంది. మొదటిరోజే ఫోన్ రికార్డింగు పెట్టి ముందు కూర్చోవద్దు, టీ తాగి వచ్చెయ్యండి, రెండోసారి వాళ్ళే పిలుస్తారు.

మా పెద్ద తాత "రంగం ఎల్లి మరి రానేదు" అంటారు. ఆయన సైనికుడేనా?

రంగం అంటే రంగూన్, ఈ తరం పిల్లలకి తెలియట్లేదు కాబట్టి చెప్తున్నా. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి మన జనం వేలల్లో రంగం వెళ్ళారు, మిల్లుల్లో, రేవుల్లో కూలికి. 1942లో జపాన్ వాడు బర్మాలోకి రాగానే నడిచి వచ్చేద్దామని బయల్దేరి అడవుల్లో, కొండదారుల్లో జబ్బు చేసి ఎంతమంది పోయారో. వాళ్ళు సైనికులు కాదు, ఏ యుద్ధ స్మారకం మీదా ఉండరు, అలాగని వాళ్ళ చావు యుద్ధం వల్ల కాదని కూడా అనలేం.

కాబట్టి రెండు ప్రశ్నలడగండి. ఇంటికి పింఛను గానీ సర్కారు కాగితం గానీ వచ్చిందా? వెళ్ళింది 1942కి ముందా తర్వాతా? ముందే కుటుంబంతో వెళ్ళి ఏ కాగితమూ రాకపోతే కూలికి వెళ్ళినట్టే అనుకోండి. 1943, 44ల్లో ఒక్కడే వెళ్ళి ఇంటికి నెలనెలా డబ్బు వచ్చిందంటే పటాలమే, సాపర్సో పయొనీర్ కోరో సప్లై వాళ్ళో. ఇంకో దారి కూడా ఉంది, 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు పట్టుబడి తర్వాత నేతాజీ సైన్యంలో చేరినవాళ్ళు. ఐఎన్ఏలో పోయినవాళ్ళు కామన్‌వెల్త్ లిస్టులో ఉండరు, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఎన్ఏ ఫైళ్ళు చూడాలి.

కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ వెబ్‌సైట్‌లో ఎలా వెతకాలి?

ఫ్రీ, లాగిన్ అక్కర్లేదు. ముందు గుర్తుపెట్టుకోండి, అందులో ఉండేది 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకూ, మళ్ళీ 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకూ సర్వీసులో పోయినవాళ్ళే. బతికొచ్చినవాళ్ళు ఉండరు. మొదటి యుద్ధం 1918లో అయిపోయింది కదా 1920లో పోయినవాడు ఎందుకుంటాడు అనుకోకండి, ఉంటాడు.

పేరు గడి ఖాళీగా వదిలెయ్యండి. సైన్యం దగ్గర ఇండియన్ అని పెట్టి, అదనపు సమాచారం అనే గడిలో ఊరి పేరో, చికాకోల్ అనో, వైజాగపటం అనో, గంజాం అనో కొట్టండి. చాలామందికి ఫలానా వాళ్ళబ్బాయి, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు అని ఒక వాక్యం రాసి ఉంటుంది, ఆ వాక్యమే మనకి బంగారం. అందరికీ ఉండదు, కొందరికి ఉత్త నంబరూ తేదీ మాత్రమే. ఊరి పేరు నాలుగైదు రకాలుగా రాసి చూడండి, 'వ'కి వి బదులు డబ్ల్యూ, 'ట'కి డబుల్ టీ, చివర పేట బదులు పెట్.

పంజాబ్ రిజిస్టర్లు దొరికాయి, మూడు లక్షల మంది వివరాలున్నాయి అని వార్తల్లో చూసి కొందరు అడుగుతుంటారు. అవి లాహోర్ మ్యూజియంలో దొరికిన పంజాబ్ వాళ్ళవి, మన వాళ్ళని వాటిలో వెతికి టైం వేస్ట్ చేసుకోకండి.

సమాధి ఎక్కడుందో తెలుస్తుందా? వెళ్ళి చూడొచ్చా?

హిందువులైతే చాలామందిని దహనం చేశారు, సమాధి ఉండదు, స్మారకం మీద పేరుంటుంది. కోహిమాలో దహన స్మారకం మీద 917 మంది, ఇంఫాల్‌లో 868 మంది ఉన్నారు. బర్మాలో పోయి దేహం దొరకనివాళ్ళయితే రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం, దాదాపు 27 వేల పేర్లు. మలయా, సింగపూర్ వైపు పోతే క్రాంజిలోని సింగపూర్ స్మారకం. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్‌లో పోతే నవ్ షపెల్, ఇరాక్ అయితే బస్రా. మొదటి యుద్ధం రోజుల్లో మన దేశంలోనే పోయి ఇక్కడి శ్మశానాల్లో ఉన్నవాళ్ళు కొందరి పేర్లు చెన్నై నందంబాకంలోని మద్రాస్ స్మారకం మీద ఉన్నాయి, మనకి అన్నిటికన్నా దగ్గర అదే, తెల్లవారుజామున విశాఖలో కోరమాండల్ ఎక్కితే సాయంత్రానికి దిగుతారు.

వెళ్ళలేకపోతే ప్యానెల్ నంబరు (స్మారకంలో మీవాడి పేరున్న పలక నంబరు) రాసుకోండి. కోహిమా, ఇంఫాల్ వైపు ఇప్పటికీ మన కుర్రాళ్ళు అస్సాం రైఫిల్స్‌లోనో ఆర్మీలోనో పోస్టింగులో ఉంటారు, ఊరి వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరో ఒకరు ఆదివారం వెళ్ళి ఫొటో తీసి పంపిస్తారు. అలా వచ్చిన ఫొటోని ఒక ఇంట్లో లామినేషన్ చేయించి పెద్దల పక్కన పెట్టి ఆ ఏడాది నుంచి తద్దినానికి పేరు చెప్తున్నారు, ఎనభై ఏళ్ళు తేదీ తెలియక మహాలయ అమావాస్యకి పెట్టేవారు.

స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ళయితే?

ఇది కొంచెం సులువు. ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్ 2019 ఫిబ్రవరి 25న తెరిచారు, అప్పటికి 25,942 పేర్లు, ఆ తర్వాత కలుపుతూనే ఉన్నారు. త్యాగ చక్ర గోడల మీద ఒక్కొక్కరికీ ఒక్కో గ్రానైట్ పలక, వెబ్‌సైట్‌లో కూడా పేరు, నంబరు, యూనిట్‌తో వెతకొచ్చు. శ్రీలంకలో శాంతి సేనలో పోయినవాళ్ళు, సియాచిన్, కార్గిల్, కశ్మీర్ ఆపరేషన్లు అన్నీ ఉంటాయి. 2020 జూన్‌లో గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట ఆయనే అయినా చదివింది మన కోరుకొండ సైనిక్ స్కూల్లో. అంటే ఊరి రాయి ఒక్కటే కాదు, ఆయన చదివిన బడిలో కూడా పేరు ఉంటుంది, చూడండి అని చెప్పడానికి అంటున్నా.

మా ఊరి రాయి మీద ఉన్నాడు, ఢిల్లీలో లేడేంటి అని చాలామంది కంగారు పడతారు. ఆర్మీ లెక్కలో బ్యాటిల్ క్యాజువల్టీ వేరు, ఫిజికల్ క్యాజువల్టీ వేరు. డ్యూటీలో ఉండగా బండి బోల్తా పడో జబ్బు చేసో పోతే రెండోది, ఆ పేర్లు ఢిల్లీ గోడ మీదకి మామూలుగా వెళ్ళవు. ఊరికి ఆ తేడా లేదు, ఉండక్కర్లేదు కూడా.

ఇక సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్ళయితే అక్కడ వెతకనే వద్దు. వాళ్ళది చాణక్యపురిలో 2018 అక్టోబరు 21న తెరిచిన నేషనల్ పోలీస్ మెమోరియల్, 34 వేలకు పైగా పేర్లున్నాయి. మన ఊళ్ళలో "మిలట్రీ" అంటే అందరూ మిలట్రీయే, యూనిఫారం ఏదో ముందు తేల్చుకోండి.

రెజిమెంట్ ఫైళ్ళు ఉంచే రికార్డ్ ఆఫీసుకి రాస్తే "రికార్డులు నాశనం చేశాం" అని వచ్చింది. ఇంక అంతేనా?

అంతే కాదు. పింఛను లేని పాత సైనికుల ఫైళ్ళని పాతికేళ్ళ తర్వాత తీసేసే రూలు ఉంది, అది అబద్ధం కాదు. కానీ లాంగ్ రోల్ అని ఒక రిజిస్టరు ఉంటుంది, దాన్ని తీసెయ్యరు. అందులో ఒక్కొక్కరికీ ఒకటో రెండో లైన్లే, చేరిన తేదీ, ఊరు, తండ్రి పేరు, ఎలా బయటికొచ్చాడు అన్నవి. రెండోసారి రాసేటప్పుడు "సర్వీస్ ఫైలు లేకపోతే లాంగ్ రోల్ ఎక్స్‌ట్రాక్ట్ ఇవ్వండి" అని స్పష్టంగా రాయండి. నాకు ఒకచోట నుంచి మూడు ఉత్తరాలకి జవాబే రాలేదు, నాలుగోది ఆ ఇంటి మనవరాలి సంతకంతో పంపితే నెలన్నరలో వచ్చింది. మనం బయటివాళ్ళం, వారసులు రాస్తే లెక్క వేరు, ఆర్టీఐ వేసినా వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు.

ఎవరికి రాయాలంటే రెజిమెంట్‌ని బట్టి. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్, సాపర్స్ అయితే బెంగళూరు. తెలియకపోతే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి, పెద్దవాళ్ళు ఇప్పటికీ సోల్జర్స్ బోర్డు అంటారు, శ్రీకాకుళంలో ఒకటి విజయనగరంలో ఒకటి ఉన్నాయి. పింఛను తీసుకున్న వితంతువుల వివరాలు అక్కడే ఉంటాయి. ఒకటో తారీఖు దగ్గర్లో వెళ్ళకండి, పింఛను పనులతో జనం.

రెవెన్యూ రికార్డుల్లో ఏమైనా దొరుకుతుందా?

దొరకొచ్చు. మాజీ సైనికులకి, అమరుల కుటుంబాలకి ప్రభుత్వం భూమి ఇచ్చేది, మెట్ట అయితే ఐదెకరాలు, పల్లం అయితే రెండున్నర వరకూ. ఊళ్ళో "మిలట్రీ పట్టా" అని ఏ చెక్కనైనా పిలుస్తున్నారేమో అడగండి, ఆ సర్వే నంబరు అడంగల్‌లో చూస్తే పాత పేరు బయటపడుతుంది. భూమి మాట ఎత్తగానే మీరు దానికోసమే వచ్చారని అనుమానపడతారు, ముందే చెప్పుకోండి. విజయనగరం, బొబ్బిలి ఎస్టేటు ఊళ్ళలో 1948 చట్టంతో జమీందారీలు పోయేవరకూ లెక్కలు ఎస్టేటు వాళ్ళ దగ్గరే, తాలూకాఫీసులో ముందువి దొరకడం కష్టం. కరణాలు, మునసబులు 1984 జనవరిలో పోయారు, వాళ్ళ ఇళ్ళలో కొన్ని పుస్తకాలు ఉండిపోయాయి, చెదలు పట్టకపోతే.

పాత పేపర్లు, ఆర్కైవ్స్ సంగతి?

ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్ నుంచి దినపత్రిక అయింది, యుద్ధమూ అదే ఏడాది, పాత సంచికలు ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. మామూలు సిపాయి పేరు దొరుకుతుందని ఆశపెట్టుకోకండి, సైన్యంలో చేర్చుకునే సభలు, చందాలు, ఊళ్ళ సంగతులు దొరుకుతాయి. మద్రాసు ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, మనం అప్పుడు ఆ రాజధాని కిందే కదా.

ఎక్కడ పోయాడో తెలిసింది. ఎలా పోయాడో తెలుస్తుందా?

మనిషి పేరుతో దొరకదు, యూనిట్ పేరుతో దొరుకుతుంది. ప్రతి పటాలం రోజువారీ వార్ డైరీ రాసేది, మొదటి యుద్ధానివి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 అనే వరసలో ఉన్నాయి, రెండో యుద్ధం బర్మా వైపువి డబ్ల్యూఓ 172. ఢిల్లీలో రక్షణ శాఖ హిస్టరీ డివిజన్ దగ్గర కూడా రెండో యుద్ధానివి ఉంటాయి. మీ వాడు పోయిన తేదీ దగ్గర తెరిస్తే "ఈ రోజు వంతెన పని, ఇద్దరు పోయారు, ముగ్గురికి గాయాలు" అని ఉంటుంది. పేరుండదు, తెల్లదొర ఆఫీసరు పోతే మాత్రం పేరుంటుంది. ఆ ఇద్దరిలో ఒకడు మీవాడు.

తేదీ దగ్గర ఇంకో చిక్కు. పట్టుబడినవాళ్ళకీ కనపడకుండా పోయినవాళ్ళకీ ఏదో ఒక తేదీ వేసేశారు, సింగపూర్ పడిపోయిన రోజు మీద ఎన్నో పేర్లు ఉంటాయి, అందరూ ఆ రోజే పోయారని కాదు.

కుటుంబం చెప్పేదీ కాగితంలో ఉన్నదీ కలవట్లేదు. ఏది రాయాలి?

రెండూ రాయండి, ఏది ఎవరి మాటో పక్కన పెట్టండి. ఇంట్లో తుపాకీ గుండుకి పోయాడంటారు, కాగితంలో మలేరియా ఉంటుంది. బర్మా యుద్ధంలో గుండు కన్నా జ్వరాలు, విరేచనాలకి ఆసుపత్రి పాలైనవాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి కాగితం నిజమే అయ్యుండొచ్చు. అది తొంభై ఏళ్ళ చెల్లెలికి వెళ్ళి చెప్పాలా అంటే నేనైతే చెప్పను, అడిగితే చెప్తాను. పారిపోయినట్టో, తనే చేసుకున్నట్టో ఉంటే ముందు ఆ ఇంటి పెద్దకి ఒంటరిగా చూపించండి, వాళ్ళు వద్దంటే ఆపెయ్యండి, స్తూపం దగ్గర మైకులో చదవడానికి మనకి హక్కు లేదు. బతికున్న వితంతువుల ఫోన్ నంబర్లు, పీపీఓ నంబర్లు ఎక్కడా పెట్టొద్దు, వాటితో మోసాలు చేసేవాళ్ళున్నారు.

ఒకే మనిషి పేరు రెండు ఊళ్ళ రాళ్ళ మీద ఉంది. ఎవరిది కరెక్టు?

ఇద్దరిదీ. పుట్టిన ఊరొకటి, ఇల్లరికం వెళ్ళిన ఊరొకటి. మిలట్రీ కాగితంలో చేరినప్పటి ఊరుంటుంది, పింఛను కాగితంలో భార్య ఊరుంటుంది. గొడవ పడకండి, రెండు చోట్లా దండ వెయ్యండి.

వయసు లెక్క తేలట్లేదు, పద్నాలుగేళ్ళకే చేరినట్టు వస్తోంది?

పుట్టిన తేదీ నమ్మకండి. బడికి వెళ్ళినవాళ్ళకి మాస్టారు వేసిన తేదీ, వెళ్ళనివాళ్ళకి రిక్రూటింగు హవల్దారు మీసం చూసి వేసిన వయసు.

వెతుకుతుంటే రాయి మీద లేని ఇంకో పేరు బయటపడింది. చెక్కించొచ్చా?

నంబరు, తండ్రి పేరు, ఊరు, మూడూ కలిసిన కాగితం చేతిలో ఉంటేనే పంచాయతీకి వెళ్ళండి. తీర్మానం చేయించాలి, స్తూపం కట్టించిన కమిటీ వాళ్ళనీ మాజీ సైనికుల సంఘాన్నీ పిలవాలి, పాత పేర్ల మధ్యలో ఇరికించకుండా కిందో పక్కనో వేరే పలక పెట్టించాలి. మా వైపు ఒక ఊళ్ళో అలా ఒక పేరు కలిపారు, ఇంటిపేరు పూర్తిగా రాయాలా పొడి అక్షరమా అని రెండు వారాలు వాదించుకున్నారు, చివరికి ఆయన చెల్లెలి కొడుకొచ్చి "మా మావని ఊళ్ళో అందరూ చిన్నోడు అనేవోరు, బ్రాకెట్లో అది కూడా ఎయ్యండి" అన్నాడు. వేశారు.